మెక్సికో సినిమా: ముడి ఫిల్ము నుంచి థియేటర్ గేటు దాకా

రెండో ప్రపంచ యుద్ధం నాటికి స్పానిష్ భాషా సినిమాకు లాటిన్ అమెరికాలో రెండు రాజధానులు ఉండేవి. ఒకటి బ్యూనస్ ఎయిర్స్, రెండోది మెక్సికో సిటీ. 1942 దాకా అర్జెంటీనాదే పైచేయి. స్టూడియోలు, తారలు, టాంగో పాటలు, ఖండమంతా కొనుగోలుదారులు, అన్నీ వాళ్లకున్నాయి. ముడి ఫిల్ము (షూటింగ్‌కు, ప్రింట్లకు వాడే ఖాళీ ఫిల్ము) దగ్గర మాత్రం దెబ్బ తగిలింది. యుద్ధంలో తటస్థంగా ఉంటామన్న అర్జెంటీనాకు అమెరికా ముడి ఫిల్ము సరఫరాను బిగించింది. తన చమురు ఓడలను జర్మన్లు ముంచేశాక 1942 మేలో మిత్రరాజ్యాల పక్షాన చేరిన మెక్సికోకు ఫిల్ముతో పాటు స్టూడియో యంత్రాలు, సాంకేతిక సాయం కూడా అందాయి. 1943లో మెక్సికోలో 70 సినిమాలు తయారైతే, అర్జెంటీనాలో అందులో సగం తయారయ్యాయి.

ముడి ఫిల్ముకు అంత బలం ఎక్కడిదో లెక్క వేస్తే తెలుస్తుంది. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. గంటా నలభై నిమిషాల సినిమా అంటే 9,000 అడుగులు. ఒక్కో షాట్‌కు సగటున ఐదు టేకులు పడితే కెమెరాలోకి వెళ్లే నెగెటివ్ 45,000 అడుగులు. సౌండ్ నెగెటివ్ వేరు, ఎడిటింగ్ కోసం వేసే పాజిటివ్ వేరు. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. హవానా, కారకాస్, లిమా, బొగోటాల్లో కూడా ఆడించాలని 40 ప్రింట్లు వేస్తే 3,60,000 అడుగులు కావాలి. షూటింగ్‌కు పట్టిన దానికి ఇది ఎనిమిది రెట్లు. ఫిల్ముకు కటకట వచ్చినప్పుడు నిర్మాత ఎలాగోలా టేకులు తగ్గించుకుని సినిమా పూర్తి చేయగలడు. పరదేశాలకు పంపే ప్రింట్లు మాత్రం వేయలేడు. అలా అర్జెంటీనా చేజారిన మార్కెట్ మెక్సికో ఒళ్లో పడింది.

మెక్సికో సినిమా చరిత్రను ఎక్కువగా తారల పేర్లతో, అవార్డుల పేర్లతో చెబుతుంటారు. ఆ పేర్లకు దక్కవలసిన గౌరవం దక్కాల్సిందే. అయితే ఈ పరిశ్రమ లేచిన ప్రతిసారీ, పడిన ప్రతిసారీ కారణం కోసం వేరేచోట వెతకాలి. ముడి ఫిల్ము ఎవరి చేతిలో ఉంది, అప్పు ఎవరిస్తున్నారు, యూనియన్ కార్డు ఎవరికి దొరుకుతోంది, థియేటర్ తాళం ఎవరి దగ్గరుంది అని చూసుకుంటూ పోతే ఒక్కో దశా విడిపోయి అర్థమవుతుంది. వీటిలో చివరి ప్రశ్న అన్నిటికంటే మొండిది. మెక్సికో దానికి నేటికీ సరైన జవాబు వెతుక్కోలేదు.

మాట వచ్చాక

మూకీల కాలాన్ని త్వరగా దాటేయవచ్చు. 1896 ఆగస్టు 6న చపుల్తెపెక్ కోటలో అధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్ ఎదుట లూమియేర్ సోదరుల ప్రతినిధులు తొలి ప్రదర్శన ఇచ్చారు. 1910లో విప్లవం మొదలయ్యాక కెమెరాలు సైన్యాల వెంట నడిచాయి. సాల్వదోర్ తోస్కానో, ఆల్వా సోదరులు తీసిన దృశ్యాలు ఆనాటి పోరాటానికి కళ్లెదుటి సాక్ష్యంగా మిగిలాయి. విప్లవ సేనాని పాంచో విల్లా 1914 జనవరిలో అమెరికాకు చెందిన మ్యూచువల్ ఫిల్మ్ కార్పొరేషన్‌తో తన యుద్ధాల చిత్రీకరణకు ఏకంగా ఒప్పందమే రాసుకున్నాడు. 1919లో ఎన్రికే రోసాస్ తీసిన ‘ఎల్ ఆటోమొవిల్ గ్రిస్’ సీరియల్‌లో ఒక దోపిడీ ముఠాకు నిజంగా అమలైన మరణశిక్ష దృశ్యం ఉంది. ఇవన్నీ ఎవరికి వారు చేసిన ప్రయత్నాలు. పరిశ్రమ అనదగ్గది టాకీతోనే పుట్టింది.

మూకీకి భాష అడ్డు కాదు. టైటిల్ కార్డులు మార్చేస్తే హాలీవుడ్ బొమ్మ ఏ దేశంలోనైనా ఆడేది. మాట రాగానే ఆ సౌలభ్యం పోయింది. హాలీవుడ్ మొదట అవే సెట్లలో, వేరే నటులతో స్పానిష్ సినిమాలు తీసింది. 1931లో యూనివర్సల్ స్టూడియోలో పగలు ఇంగ్లిష్ ‘డ్రాక్యులా’, రాత్రి స్పానిష్ ‘డ్రాక్యులా’ షూటింగ్ జరిగాయి. రాత్రి బృందంలో కథానాయిక మెక్సికో అమ్మాయి లుపితా తోవార్. ఈ తరహా సినిమాల్లో తండ్రిది స్పెయిన్ యాస, కొడుకుది క్యూబా యాస, కోడలిది చిలీ యాస అయ్యేది. ప్రేక్షకులకు అది మింగుడు పడలేదు. అదే ఏడాది చివర్లో లుపితా తోవార్ స్వదేశంలో ‘సాంతా’లో నటించింది. 1932 మార్చి 30న విడుదలైన ఆ సినిమాను మెక్సికోలో ఫిల్ము మీదే శబ్దం ముద్రించిన తొలి టాకీగా లెక్కిస్తారు.

అంతకుముందు శబ్దాన్ని డిస్కుల మీద రికార్డు చేసి, ప్రొజెక్టర్‌తో పాటు తిప్పి చూశారు. ఫిల్ము ఎక్కడైనా తెగితే రెండు మూడు ఫ్రేములు కత్తిరించి అతికించక తప్పదు. డిస్కును అలా కత్తిరించలేరు. అతుకు పడ్డ ప్రతిచోటా మాటా పెదవీ ఇంకాస్త దూరం జరిగేవి. ‘సాంతా’కు రొబెర్తో, హొసెలితో రోద్రీగెస్ సోదరులు తాము రూపొందించిన తేలికపాటి యంత్రంతో శబ్దాన్ని ఫిల్ము అంచున ముద్రించారు. ఫిల్ము తెగినా దాని శబ్దం దానితోనే ఉంటుంది. విదేశీ యంత్రాలకు అద్దె కట్టే పని తప్పడం కూడా ఆ రోజుల్లో చిన్న సంగతేం కాదు.

1936లో ఒకే దర్శకుడి రెండు సినిమాలు మెక్సికో సినిమా ఏ దారిన పోతుందో తేల్చేశాయి. ఫెర్నాందో దె ఫుఎంతెస్ తీసిన ‘వామొనోస్ కోన్ పాంచో విల్లా’కు క్లాసా స్టూడియో భారీగా ఖర్చు పెట్టింది. ప్రభుత్వం సైనికులను, రైళ్లను సమకూర్చింది. విప్లవాన్ని ఏ అలంకారమూ లేకుండా చూపిన ఆ సినిమా నష్టపోయింది, స్టూడియో దివాలా అంచుకు చేరింది. అదే ఏడాది ఆయనే తీసిన ‘అయా ఎన్ ఎల్ రాంచో గ్రాందే’లో ఒక పశువుల క్షేత్రం, గుర్రాలు, కోడిపందేలు, టీతో గీసార్ పాటలు, ఇద్దరు స్నేహితుల మధ్య ఒక అమ్మాయి. ఇది స్పానిష్ మాట్లాడే దేశాలన్నిటా ఆడింది. బయట అధ్యక్షుడు లాసారో కార్దెనాస్ పెద్ద భూస్వాముల భూములను రైతులకు పంచుతుంటే, తెర మీద దయగల యజమాని, పాడుకునే పాలేరు కనిపించారు. పంపిణీదారులకు దారి దొరికింది. 1936లో 25గా ఉన్న సినిమాల సంఖ్య 1938కి 57కు పెరిగింది. నాణ్యతలో మొదటిది ఎంతో పైన ఉన్నా, పరిశ్రమను నిలబెట్టింది రెండోదే. ఆ తర్వాత హోర్హే నెగ్రెతే, పెద్రో ఇన్ఫాంతే వంటి గాయక నటుల వైభవమంతా ఈ ఒరవడి మీదే లేచింది.

ఫిగేరోవా ఆకాశం

‘రాంచో గ్రాందే’ ఛాయాగ్రాహకుడు గాబ్రియేల్ ఫిగేరోవాకు వెనిస్ చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. మెక్సికో సినిమాకు అంతర్జాతీయంగా దక్కిన మొదటి గుర్తింపుల్లో అది ఒకటి. ఆయన హాలీవుడ్‌లో ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్ దగ్గర పని నేర్చుకున్నాడు. దర్శకుడు ఎమీలియో ఫెర్నాందెస్, రచయిత మౌరీసియో మగ్దలేనో, నటులు దొలోరెస్ దెల్ రియో, పెద్రో ఆర్మెందారిస్‌లతో కలిసి ఆయన చేసిన ‘మరియా కాండెలారియా’ 1946లో కాన్స్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పంచుకున్న 11 సినిమాల్లో ఒకటి. షొచిమిల్కో కాలువలు, ఎత్తయిన చెట్ల వరసలు, ఫ్రేములో సగానికి పైగా ఆక్రమించే ఆకాశం, దాన్నిండా తెల్లగా ఎగసిన మేఘాలు. ఈ రూపాన్ని చాలామంది మెక్సికో ప్రకృతి ఇచ్చిన వరంగా చూస్తారు. కొంత నిజమే గానీ ఇందులో ఎక్కువ పాలు పనితనానిది.

నలుపు తెలుపు ఫిల్ము నీలి కాంతిని బాగా పట్టుకుంటుంది. అందువల్ల ఏ ఫిల్టరూ లేకుండా తీస్తే నీలాకాశమూ తెల్లమేఘమూ రెండూ తెల్లగానే పడి, మేఘం కనిపించకుండా పోతుంది. పసుపు ఫిల్టర్ పెడితే ఆకాశం కాస్త ముదురుతుంది. నారింజ ఇంకాస్త ముదురు చేస్తుంది. ఎర్ర ఫిల్టర్ పెడితే ఆకాశం దాదాపు నల్లబడి, మేఘం చెక్కినట్టు బయటికొస్తుంది. దీనికి చెల్లించే మూల్యం వెలుతురు. ముదురు ఎర్ర ఫిల్టర్ కాంతిని ఎనిమిదో వంతుకు తగ్గిస్తుంది, అంటే మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). ఆనాటి మధ్యరకం ఫిల్ము వేగం (వెలుతురుకు స్పందించే గుణం) 64 అనుకుంటే, మంచి ఎండలో లెన్సు రంధ్రాన్ని (అపెర్చర్) ఎఫ్ 16 దగ్గర పెట్టి తీయాల్సిన షాట్ ఎఫ్ 5.6కు, అంటే ఇంకా పెద్ద రంధ్రానికి దిగుతుంది. అపెర్చర్ తెరుచుకునే కొద్దీ ఫోకస్ లోతు తగ్గిపోతుంది. కానీ ఈ శైలిలో దగ్గరి ముఖమూ దూరపు కొండా రెండూ స్పష్టంగా ఉండాలి. కనుక ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టే వైడ్ యాంగిల్ లెన్సు కావాలి. 25 ఎం.ఎం. లెన్సుతో ఎఫ్ 5.6 దగ్గర నాలుగున్నర మీటర్లకు ఫోకస్ పెడితే, రెండుంపావు మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా స్పష్టత నిలుస్తుంది. అదే 50 ఎం.ఎం. లెన్సు పెడితే దగ్గరి ముఖమో దూరపు కొండో ఒకదాన్ని వదులుకోవాలి. కెమెరాను నేలకు దగ్గరగా దించి పైకి చూపించడంతో మనిషి ఆకాశాన్ని ఆనుకుని నిలబడ్డట్టు అవుతుంది.

ఎర్ర ఫిల్టర్‌తో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఆరుబయట నీడల్లోకి వచ్చే వెలుతురు ఎక్కువగా నీలాకాశం నుంచి వచ్చేదే. ఎర్ర ఫిల్టర్ సరిగ్గా దాన్నే ఆపేస్తుంది. దాంతో వెడల్పు అంచు టోపీ కింద ముఖం బొగ్గులా మారుతుంది. వెండి రేకు అతికించిన రిఫ్లెక్టర్లతో నేరు ఎండను ముఖం మీదికి తిప్పితే తప్ప కళ్లు కనిపించవు. రెండోది చర్మం. గోధుమ రంగు ముఖం ఎర్ర ఫిల్టర్‌లో సున్నం పూసినట్టు పాలిపోతుంది, పెదవుల ఎరుపు మాయమవుతుంది. ఆదివాసీ పాత్రల కథల్లో ఇది చిన్న లోపం అనిపించుకోదు. అందుకే దగ్గరి షాట్లకు పసుపు, ఆకుపచ్చ కలిసిన ఫిల్టర్‌కు మారడం, మేకప్‌లో పెదవి రంగు మార్చడం అవసరమవుతాయి. ఇక మెక్సికో సిటీ ఎత్తు 2,240 మీటర్లు. పలచని గాలిలో ఆకాశం సహజంగానే ముదురు నీలం. వానాకాలంలో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మధ్యాహ్నానికి మేఘాలు లేస్తాయి. వాటి కోసం కాచుకున్నంతసేపూ రోజు కూలీ మీద వచ్చిన యూనిట్ మొత్తం ఖాళీగా కూర్చోవాలి. ఈ అందం ఖరీదైనది. డబ్బు పుష్కలంగా ఉన్న కొద్ది సంవత్సరాల్లోనే ఇది సాధ్యపడింది.

తర్వాత తర్వాత ఇది పర్యాటక శాఖ పోస్టరులా తయారైందన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శలో న్యాయముంది. ‘నసారిన్’ షూటింగ్‌లో ఫిగేరోవా పొపొకాతెపెట్ల్ అగ్నిపర్వతం, మేఘాలు కలిసొచ్చేలా ఫ్రేమ్ సిద్ధం చేస్తే, దర్శకుడు లూయిస్ బున్యువెల్ కెమెరాను వెనక్కి తిప్పించి మామూలు నేల వైపు పెట్టించాడు. ఇద్దరూ కలిసి చాలా సినిమాలు చేశారు. ఎవరి పద్ధతి ఎంత ఒదిగిందో చూడాలనుకునే విద్యార్థికి ఆ సినిమాలు మంచి పాఠాలు.

అప్పు, కార్డు, తాళం

1942లోనే సినిమాలకు అప్పులివ్వడానికి ప్రత్యేకంగా ఒక బ్యాంకు పుట్టింది. 1947లో అది జాతీయ సినిమా బ్యాంకు అయింది. ఇంత ముందుచూపు ఆ రోజుల్లో చాలా దేశాలకు లేదు. డబ్బు నేరుగా నిర్మాతకు కాక పంపిణీ సంస్థ ద్వారా, సినిమా వసూళ్ల మీద అడ్వాన్సుగా అందేది. దేశంలో పంపిణీకి ఒక సంస్థ, లాటిన్ అమెరికాకు ఒకటి, మిగతా ప్రపంచానికి మరొకటి. 1953లో బ్యాంకు అధిపతి ఎదువార్దో గర్దున్యో పేరిట వచ్చిన ప్రణాళిక ఈ ఏర్పాటును స్థిరపరచింది. ఆ పంపిణీ సంస్థల్లో వాటాలు నిర్మాతలవే. అప్పు అడిగేవాడూ అప్పు మంజూరు చేసే చోట కూర్చున్నవాడూ ఒక్కరే అయ్యారు.

ఇది ఎక్కడ చెడిందో ఒక ఊహా లెక్కతో చూడవచ్చు. నిజంగా ఎనిమిది లక్షల పెసోల్లో అయ్యే సినిమాకు నిర్మాత పన్నెండు లక్షల బడ్జెట్ చూపిస్తాడు. పంపిణీ సంస్థ అందులో 70 శాతం అడ్వాన్సిస్తే ఎనిమిది లక్షల నలభై వేలు చేతికొస్తాయి. క్లాప్ కొట్టకముందే నలభై వేలు మిగులు. బొమ్మ ఆడినా ఆడకపోయినా ఆయనకు నష్టం లేదు, నష్టం బ్యాంకుది. ఇలాంటి చోట ఖర్చు తగ్గించడమే నైపుణ్యం అవుతుంది. మూడు వారాల షూటింగ్, పాత సెట్లు, నిరుటి కథ. వీటిని జనం వీధి బండి మీద వేయించే చుర్రోలతో పోల్చేవారు. అన్నీ ఒకే అచ్చు, అన్నీ ఒకే రుచి.

ఇక కార్డు. 1945లో పాత కార్మిక సంఘం నుంచి విడిపోయి నటులు, సాంకేతిక నిపుణులు ఎస్‌టీపీసీ అనే సంఘం పెట్టుకున్నారు. ఫిగేరోవా, హోర్హే నెగ్రెతే, హాస్యనటుడు కాంతిన్‌ఫ్లాస్ దాని వెనక నిలబడ్డారు. పాత నాయకత్వపు జులుం మీద తిరుగుబాటుగా మొదలైంది కనుక అప్పటికి అది న్యాయమైన పనే. పెద్ద సినిమాల నిర్మాణం కొత్త సంఘానికి, న్యూస్‌రీళ్లు, చిన్న చిత్రాలు, థియేటర్ సిబ్బంది పాత సంఘానికి అని ప్రభుత్వం పంచింది. ఆ తర్వాత కొత్త సంఘంలోని దర్శకుల విభాగం తలుపులేసుకుంది. ఉన్న పనిని ఉన్న సభ్యులే పంచుకోవాలన్నది వారి వాదన. రెండు దశాబ్దాల పాటు కొత్త దర్శకుడు లోపలికి రావడం అరుదైపోయింది. 1940ల్లో ముప్పై ఏళ్లున్నవారు 1960ల్లోనూ అవే కథలు తీస్తూ పోయారు. పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, 1964-65లో ఆ సంఘమే ప్రయోగాత్మక సినిమాల పోటీ పెట్టి బయటివారిని పిలవాల్సి వచ్చింది. 12 సినిమాలు పోటీకి నిలిచాయి. మొదటి బహుమతి రుబెన్ గామెస్‌కు, రెండోది అల్బెర్తో ఇసాక్‌కు దక్కాయి. ఇసాక్ సినిమాకు కథ నవలాకారుడు గాబ్రియేల్ గార్సియా మార్కెస్‌ది. అందులో ఆయనే ఊరి సినిమా హాల్లో టికెట్లు తీసుకునే మనిషిగా కనిపిస్తాడు.

థియేటర్ తాళం మాత్రం ప్వెబ్లా నగరంలో స్థిరపడ్డ అమెరికన్ వ్యాపారి విలియం జెంకిన్స్ చేతికి చిక్కింది. చక్కెర మిల్లులతో గడించిన సొమ్మును ఆయన సినిమా హాళ్ల మీద పెట్టాడు. మాన్యువెల్ ఎస్పినోసా ఇగ్లేసియాస్, గాబ్రియేల్ అలార్కోన్ అనే ఇద్దరు భాగస్వాముల పేరిట రెండు థియేటర్ గొలుసులు నడిచాయి. పైకి పోటీ, లోపల ఒకే యజమాని. 1950ల్లో దేశంలోని హాళ్లలో అత్యధిక భాగం ఈ బృందానివే. హాలు దొరకని నిర్మాత వాళ్లు చెప్పిన షరతుకు ఒప్పుకోవాలి, లేదా బొమ్మను డబ్బాలో పెట్టుకుని కూర్చోవాలి. 1949 నాటి సినిమా చట్టం, ఆపై వచ్చిన సవరణ తెర సమయంలో సగం స్వదేశీ సినిమాలకు ఇవ్వాలన్నాయి. థియేటర్ యజమానులు కోర్టులకు వెళ్లి రక్షణ తెచ్చుకున్నారు, నిబంధన కాగితం మీదే మిగిలింది. చివరకు 1960లో ప్రభుత్వమే ఆ గొలుసులను కొనేసింది.

1950 నవంబరులో విడుదలైన బున్యువెల్ ‘లోస్ ఒల్విదాదోస్’ను చూస్తే థియేటర్ గేటుకు ఎంత అధికారముందో అర్థమవుతుంది. నగరపు మురికివాడల పిల్లలను ఏ జాలి పూతా లేకుండా చూపిన ఆ సినిమాను దేశానికి అవమానమంటూ పత్రికలు, ప్రముఖులు దుమ్మెత్తిపోశారు. వారం తిరక్కుండానే హాలు నుంచి తీసేశారు. నిర్మాత ఆస్కార్ దాన్సిగెర్స్ ముందే భయపడి, కథలోని కుర్రాడు పెద్రో బతికి బడికి తిరిగి వెళ్లే సుఖాంతం ఒకటి తీయించి దాచుకున్నాడు. అది దశాబ్దాల తర్వాత బయటపడింది. 1951లో కాన్స్‌లో కవి ఒక్తావియో పాస్ ఆ సినిమాను సమర్థిస్తూ తాను రాసిన వ్యాసం ప్రతులను పంచాడు. బున్యువెల్‌కు ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. మళ్లీ విడుదల చేస్తే ఈసారి జనం వచ్చారు. ఆ సినిమా నెగెటివ్ ఇప్పుడు యునెస్కో ప్రపంచ జ్ఞాపక జాబితాలో ఉంది. సినిమా ఒక్క ఫ్రేము కూడా మారలేదు, మారింది హాల్లో దానికి దొరికిన వారాల సంఖ్య.

నాలుగు పెసోల టికెట్

1950ల ఆరంభంలో మెక్సికో సిటీ అధికారులు సినిమా టికెట్ ధరను నాలుగు పెసోల దగ్గర కట్టేశారు. దాదాపు రెండు దశాబ్దాలు అదే ధర. పేదవాడికి సినిమా అందుబాటులో ఉండాలన్న ఉద్దేశం మంచిదే. కానీ 1954లో పెసో విలువ డాలరుకు 8.65 నుంచి 12.50కి పడిపోయింది. అంతకుముందు రోజు 46 సెంట్లు తెచ్చిన టికెట్, మర్నాడు 32 సెంట్లే తెచ్చింది. ముడి ఫిల్ము, ల్యాబ్ రసాయనాలు, విడిభాగాలు మాత్రం డాలర్లలోనే కొనాలి. రాబడికి పైకప్పు వేసి ఖర్చుకు వేయకపోతే మధ్యలో నలిగేది నాణ్యతే. టెలివిజన్ 1950లోనే వచ్చేసింది. 1953లో నెగ్రెతే, 1957లో విమాన ప్రమాదంలో పెద్రో ఇన్ఫాంతే పోయారు. 1957-58లో క్లాసా, అస్తెకా, తెపెయాక్ స్టూడియోలు మూతపడ్డాయి.

ఈ నలుగుడులోంచే ముసుగు మల్లయోధుల సినిమాలు పుట్టాయి. ఎల్ సాంతో అనే వెండి ముసుగు యోధుడు 50కి పైగా సినిమాల్లో రక్తపిశాచాలతో, పిచ్చి శాస్త్రవేత్తలతో కుస్తీ పట్టాడు. మెక్సికోలోనే ఉన్న ‘ఎస్తూదియోస్ అమెరికా’ అనే స్టూడియోలో ఇలాంటి చౌక సినిమాలు తీసిన తీరు చెప్పుకోదగ్గది. అక్కడ పనిచేసే పాత సంఘానికి చిన్న చిత్రాలకే అనుమతి. అందుకని ఒక్కో సినిమాను అరగంట చొప్పున మూడు ఎపిసోడ్లుగా, వేర్వేరు టైటిళ్లతో తీసి, తర్వాత ఒక్కటిగా కలిపి హాళ్లకు పంపేవారు. ప్రతి ముప్పై నిమిషాలకూ కథ ఉత్కంఠలో ఆగి మళ్లీ మొదలైనట్టు అనిపించడానికి కారణం రచయిత చేతకానితనం అనుకుంటే పొరపాటు. అది యూనియన్ ఒప్పందం తెర మీద వేసిన గుర్తు.

1970-76 మధ్య అధ్యక్షుడు లూయిస్ ఎచెవెర్రియా కాలంలో ప్రభుత్వం నేరుగా నిర్మాణంలోకి దిగింది. అధ్యక్షుడి సోదరుడు, నటుడు రొదోల్ఫో ఎచెవెర్రియా సినిమా బ్యాంకును నడిపాడు. పాత నిర్మాతలకు అప్పులు తగ్గాయి, ప్రభుత్వ నిర్మాణ సంస్థలు మూడు వచ్చాయి, సినిమా పాఠశాలల నుంచి, నాటకరంగం నుంచి వచ్చినవారికి తలుపులు తెరుచుకున్నాయి. ఆర్తూరో రిప్‌స్టైన్, ఫెలీపే కసాల్స్, హైమే ఉంబెర్తో ఎర్మొసియో తమ మంచి సినిమాలను ఈ కాలంలోనే తీశారు. కసాల్స్ ‘కనోవా’ 1968లో ఒక గ్రామంలో యువ ఉద్యోగులను కమ్యూనిస్టు విద్యార్థులని నమ్మించి ఊరివాళ్లతో చంపించిన నిజ ఘటన మీద తీసింది. ప్రభుత్వ డబ్బుతో ఇలాంటి సినిమా రావడం గొప్పే. కానీ అధ్యక్షుడి ఇష్టం మీద నిలిచినదేదైనా ఆరేళ్ల పదవీకాలంతోనే ముగుస్తుంది. తర్వాత వచ్చిన లోపెస్ పోర్తియో తన సోదరి మార్గరీతాకు రేడియో, టీవీ, సినిమాల శాఖ అప్పగించాడు. సినిమా బ్యాంకు మూతపడింది. హాళ్లను క్యాబరే హాస్యాలు నింపాయి.

1982 మార్చి 24న జాతీయ సినిమా భండారం సినెతెకా తగలబడింది. మనుషులు చనిపోయారు, వేల ప్రింట్లు బూడిదయ్యాయి. 1950ల తొలినాళ్ల దాకా వాడిన నైట్రేట్ ఫిల్ము మండేటప్పుడు తనకు కావలసిన ఆక్సిజన్‌ను తానే పుట్టించుకుంటుంది. నీళ్లు పోసినా, ఇసుక కప్పినా ఆగదు. కుళ్లడం మొదలైన రీలు మామూలు కాగితం కంటే ఎంతో తక్కువ వేడికే అంటుకుంటుంది. అందుకే దాన్ని జనం తిరిగే భవనానికి దూరంగా, చల్లని గదుల్లో, కొద్ది కొద్ది రీళ్లుగా విడదీసి, పొగ పైకి పోయే దారి పెట్టి దాచాలి. సినెతెకాలో ప్రేక్షకులు కూర్చునే హాళ్లూ ఫిల్ము గిడ్డంగులూ ఒకే ప్రాంగణంలో ఉండేవి. మెక్సికో సినిమాకు జరిగిన నష్టాల్లో ఇక పూడ్చలేనిది ఇదే. మిగతావన్నీ మళ్లీ కట్టుకోవచ్చు.

1992 తర్వాత

1983లో ఇమ్సినే అనే జాతీయ సినిమా సంస్థ ఏర్పడింది. ఆ దశాబ్దం చివర్లో హోర్హే ఫోన్స్ ‘రోహో అమానెసెర్’ను గుట్టుగా తీశాడు. 1968 అక్టోబరు 2న త్లతెలోల్కోలో విద్యార్థుల మీద కాల్పులు జరిగిన రోజును ఒక అపార్ట్‌మెంటు నాలుగు గోడల మధ్యే చూపిన సినిమా అది. సైన్యం ప్రస్తావనలు కత్తిరించాకే విడుదలకు అనుమతి దొరికింది. 1991-93లో అల్ఫోన్సో క్యూరోన్, గియెర్మో దెల్ తోరోల మొదటి సినిమాలు, అల్ఫోన్సో అరావు ‘కోమో అగ్వా పారా చొకొలాతే’ వచ్చాయి. సరిగ్గా ఆ సమయానికే నేల కదిలింది.

1992 డిసెంబరు నాటి చట్టం టికెట్ ధర మీద నియంత్రణ ఎత్తేసింది. స్వదేశీ సినిమాలకు తెర సమయంలో ఉండే కోటాను 30 శాతానికి దించి, ఏటా ఐదు శాతం చొప్పున తగ్గిస్తూ 1997 చివరికి 10 శాతానికి చేర్చింది. 1993లో ప్రభుత్వ థియేటర్ల గొలుసును టీవీ ఛానెళ్లతో కలిపి అమ్మేశారు. 1994లో ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. కెనడా తన సాంస్కృతిక రంగానికి అందులో మినహాయింపు రాయించుకుంది, మెక్సికో రాయించుకోలేదు. అదే ఏడాది చివర పెసో కుప్పకూలింది. 1980ల్లో ఏటా వంద దాకా తయారైన సినిమాలు 1990ల రెండో సగంలో ఇరవై లోపుకు పడిపోయాయి.

అంకెలకు అందని మార్పు ఇంకొకటుంది. మూడు వేల సీట్ల పాత హాళ్లు మూతపడి ప్రార్థనా మందిరాలో, పార్కింగ్ స్థలాలో అయ్యాయి. వాటి బదులు షాపింగ్ మాల్స్‌లో మల్టీప్లెక్సులు లేచాయి. వారానికి రెండుసార్లు సినిమా చూసిన కూలీ కుటుంబం ఆ ధరకు లోపలికి రాలేకపోయింది. ప్రేక్షకుడు మారితే సినిమా మారుతుంది. 1999 నుంచి వచ్చిన విజయాల్లో నగర మధ్యతరగతి ప్రేమలు, దాంపత్యాలు ఎందుకంత ఎక్కువో ఇక్కడే తెలుస్తుంది. 2000లో అలెహాంద్రో గొన్సాలెస్ ఇన్యారితు ‘అమోరెస్ పెర్రోస్’, 2001లో క్యూరోన్ ‘ఈ తు మామా తంబియెన్’ ఈ కొత్త ప్రేక్షకుణ్ణి పట్టుకుంటూనే పాత నగరాన్ని, పల్లెను ఫ్రేములోకి తెచ్చాయి. ఆ మల్టీప్లెక్స్ గొలుసుల్లో అన్నిటికంటే పెద్దది మొరేలియా నగరానికి చెందిన సినెపోలిస్. తెలుగువారికి పరాయిదేమీ కాదు. 2009 నుంచి భారత్‌లో ఉంది, హైదరాబాద్‌లోనూ తెరలు నడుపుతోంది.

డబ్బు సంగతి ఇప్పుడు మెరుగ్గానే ఉంది. 2000ల మధ్యలో వచ్చిన పన్ను రాయితీ పథకం ప్రకారం ఒక కంపెనీ తన ఆదాయపు పన్నులో 10 శాతం దాకా ఆమోదం పొందిన సినిమాలో పెట్టి, ఆ మొత్తాన్ని పన్నులోంచి మినహాయించుకోవచ్చు. ఒక్కో సినిమాకు మొదట్లో రెండు కోట్ల పెసోల పరిమితి ఉండేది. ఇలా సినిమాల సంఖ్య మళ్లీ పెరిగి 2019కి 200 దాటింది. కానీ సినిమా పెట్టుబడి విడుదలకు ముందే తీరిపోవడంతో, టికెట్ల మీద ఎవరికీ పెద్దగా ఆశ ఉండదు. పోస్టర్లకు, ప్రకటనలకు, పంపిణీకి విడిగా డబ్బు వెతకాలి. పాత బ్యాంకు అడ్వాన్సుల జబ్బు, కాస్త గౌరవమైన రూపంలో, ఇక్కడా ఉంది.

10 శాతం కోటా చట్టంలో అలాగే ఉంది. కొత్త సినిమాను కనీసం ఒక వారం ఆడించాలన్న నిబంధన కూడా ఉంది. పది తెరల మల్టీప్లెక్సులో తెరకు ఐదు ఆటల చొప్పున రోజుకు 50 ఆటలు. 10 శాతం అంటే ఐదు. ఆ ఐదూ పొద్దున పదకొండు గంటలకో, మంగళవారం మధ్యాహ్నమో పెట్టినా అంకె కుదురుతుంది. మొదటి శుక్ర, శని, ఆదివారాల వసూలు చూసి సోమవారం తర్వాతి వారం ఆటలు తేలుస్తారు. నోటి మాటతో నెమ్మదిగా పుంజుకోవాల్సిన సినిమాకు ఆ మాట పాకే వ్యవధే ఉండదు. ఇక టికెట్ డబ్బులో దాదాపు సగం థియేటర్‌కు పోతుంది. మిగిలినదాంట్లో పంపిణీదారు ముందు తన కమిషన్, ప్రచార ఖర్చు తీసుకుంటాడు. నిర్మాత వరసలో చివరివాడు. మొత్తం టికెట్లలో స్వదేశీ సినిమాల వాటా మంచి ఏళ్లలో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది, చెడ్డ ఏళ్లలో అందులో సగం కూడా ఉండదు. 2013 నుంచి 2018 దాకా ఆరేళ్ల సినిమాలకు ఇచ్చిన ఉత్తమ దర్శకుడి ఆస్కార్లలో ఐదు క్యూరోన్, ఇన్యారితు, దెల్ తోరో ముగ్గురే తీసుకున్నారు. ఆ ఐదు సినిమాల్లో మెక్సికోలో తీసిన మెక్సికో సినిమా ‘రోమా’ ఒక్కటే. దానికి కూడా నెట్‌ఫ్లిక్స్‌కూ పెద్ద గొలుసులకూ ఒప్పందం కుదరక, మెక్సికోలో చాలా తక్కువ తెరలే దొరికాయి.

అందుకే ఇమ్సినేలో కొత్త నిధి ప్రకటించినప్పుడల్లా అడగాల్సిన ప్రశ్న ఎన్ని సినిమాలకు అని కాక, ఎన్ని తెరల మీద, ఏ ఆటకు, ఎన్ని వారాలు అన్నది కావాలి. ఆ దిశలో కనిపించే నిజమైన అడుగు సినెతెకా విస్తరణ. అగ్నిప్రమాదం తర్వాత షోకో ప్రాంతంలో కొత్త భవనం కట్టారు. కాలిన చోట లేచిన జాతీయ కళా కేంద్రంలోని ఒకప్పటి మల్టీప్లెక్సును 12 తెరల రెండో సినెతెకాగా మార్చి 2023లో తెరిచారు. అక్కడ టికెట్ మల్టీప్లెక్సుల కంటే చవక, తొలి వారాంతపు వసూళ్లే చిన్న సినిమా తలరాత రాయవు. కానీ అదీ రాజధానిలోనే. బయట చాలా ఊళ్లలో ఒక మెక్సికో సినిమా చూడాలనుకునే మనిషికి ఇప్పటికీ మాల్‌లోని ఆ పదకొండు గంటల ఆటే దిక్కు.